ఫోనులో అన్న ‘ఉంటా’

నేను ఐరాలలో బస్సులు ఆగే చోట ఎస్టీడీ బూత్ నడిపేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు అందరి చేతుల్లోకి రాలేదు. అద్దాల గదిలో ఒక ఫోను, గోడకు ఎర్ర అంకెలు తిరిగే మీటరు, నా ముందు చిన్న బల్ల, ఇంతే నా వ్యాపారం. మాట్లాడేవాళ్ళు తలుపు వేసుకునేవాళ్ళే గానీ మా ఊళ్ళవాళ్ళ గొంతుకు అద్దం ఒక లెక్కా? ఎవరి కూతురికి కాన్పు అయిందో, ఎవరి బోరు ఎండిపోయిందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో అన్నీ నా చెవిలో పడేవి. వద్దనుకున్నా పడేవి.

మా ఆయన కేంద్ర ప్రభుత్వం తరపున రోడ్లు వేసే చోట లారీ డ్రైవరు. రాళ్ళూ మట్టీ తోలడం ఆయన పని. మంచు కొండల్లోనో ఎడారిలోనో ఉద్యోగం, ఎప్పుడో ఒకసారి సెలవు. పెళ్ళయిన కొత్తలో ఏడ్చాను, తరువాత తిట్టుకున్నాను, ఆ తరువాత అలవాటు పడ్డాను. ఒకసారి సెలవుకు వచ్చి, అన్నంలో పప్పు కలుపుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు.

‘ఈ తడవ నన్ను ఆఫ్ఘనిస్తాన్‌కి వేసినారు మే.’

ఆ దేశం గురించి నాకు తెలిసిందల్లా టీవీలో చూసిందే. దుమ్ము, తుపాకులు, కూలిపోయిన గోడలు.

‘యాడికీ?’

‘ఆఫ్ఘనిస్తాన్‌కి. మన సర్కారు వాళ్ళకి రోడ్డేసిస్తామని మాటిచ్చిందంట. కొట్లాటల్తో ఆడ అంతా పాడైపోయుండాది. రోడ్డు పడితే సరుకులొస్తాయి, సరుకులొస్తే జనాలకి పని దొరుకుతాది, పని దొరికితే తుపాకులు దించుతారని పెద్దోళ్ళు అనుకుంటాండారు.’

‘దించినాక పోకూడదా నువ్వు? ముందే పోవల్లనా?’

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి నాలో ఒక భయం వచ్చి కూర్చుంది, అది లేచి పోవడానికి చాలా కాలం పట్టింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అప్పుడు మా దగ్గర కరువు. చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసిన చేలల్లో చెట్టు జానెడు లేచి ఎండిపోయింది. ఊళ్ళోకి ట్యాంకరుతో నీళ్ళు వచ్చేవి, బిందెల దగ్గర ఆడవాళ్ళం జుట్లు పట్టుకునేవాళ్ళం. చెరువులో పూడిక తీస్తే సర్కారు కూలికి బదులు బియ్యం ఇచ్చేది. బంగారుపాళ్యం వైపు మామిడి తోటల్లో కూడా కాపు లేక, గుజ్జు ఫ్యాక్టరీల్లో కూలికి పోయేవాళ్ళు ఖాళీ చేతులతో తిరిగి వచ్చేవాళ్ళు. అట్లాంటి రోజుల్లో మా ఆయన ప్రయాణం గురించి తెలిసి, నా బూత్ పక్కన టీ అంగడి పెట్టుకున్న అన్న ఊరుకోలేదు.

‘మనకే తాగేదానికి నీళ్ళు లేవు. యాడో వాళ్ళకి రోడ్డేసేదానికి మనోళ్ళు పోవల్లనా? ఏం సర్కారబ్బా ఇది!’

నేను మనసులో ఆయనకు దండం పెట్టుకున్నాను. నా మాటే ఆయన నోట వచ్చింది. మా ఆయన మాత్రం టీ గ్లాసు తిప్పుతూ, ‘మా నాయన చిన్నపుడు బడికి ఎందుకు పొయ్యేవాడో తెల్సునాప్పా?’ అని అడిగాడు. ‘సదువుకు కాదు. మద్దేన్నం ఉప్మా పెడతారని. ఆ రవ్వ, పాలపొడి అమెరికా నుంచి ఓడలో వచ్చేదంట. అది పంపినోళ్ళకి మా నాయన ఏమవుతాడు? సుట్టమా, పక్కమా?’

టీ అంగడి అన్న ఖాళీ గ్లాసులు తీసుకుని కడగడానికి పోయాడు. మా ఆయన అన్నది సబబే. భయానికి సబబుతో పని ఏముంది?

వెళ్ళేటప్పుడు మా అత్త వాకిట్లో నిలబడి, ‘పోతానని అనబాకు నాయనా’ అని ముందే గుర్తు చేసింది. మనం ఇల్లు కదిలేటప్పుడు పోతా అనం గదా, వస్తా అంటాం. ఆయన బస్సు మెట్టు మీద నుంచి ‘వస్తా మా, వస్తా మే’ అని ఇద్దరికీ వేరువేరుగా చెప్పాడు. బస్సు మలుపు తిరిగాక కూడా మా అత్త చెయ్యి దించలేదు.

అక్కడ వాళ్ళ క్యాంపులో ఉపగ్రహం ఫోను ఒకటి ఉండేది. ఆదివారం పూట వరస కట్టి మాట్లాడుకునేవాళ్ళు. ఆయన నా బూత్‌కే చేసేవాడు. ఆ ఫోనుతో ఒక ఇబ్బంది ఉండేది. నేను అన్న మాట అక్కడికి చేరి, ఆయన మాట ఇక్కడికి వచ్చేలోపల ఊపిరి తీసి వదిలేంత ఆలస్యం. ఆ ఆలస్యానికి నేను ఎప్పుడూ ఆగేదాన్ని కాదు, ఇంకో మాట అనేసేదాన్ని. అప్పటికి మొదటి మాటకు జవాబు వచ్చేది. ‘తిన్నావా’ అంటే పలుకు లేదు, ‘చలిగా ఉండాదా’ అనేసరికి ‘తిన్నా’ అని వినిపించేది. నవ్వుకునేవాళ్ళం.

ఆయనతోపాటు సత్యవేడు పక్క నుంచి ఇంకో డ్రైవరు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే జిల్లా కాబట్టి ఒకే గుడారం. అరవం కలిసిన తెలుగు ఆయనది, తినడాన్ని సాపాడు అంటాడు, దిగులును కవల అంటాడు. అప్పుడప్పుడు ఫోను లాక్కుని, ‘సాపాడినావా చెల్లెమ్మా? మీ ఇంటాయన్ని నేను సూసుకుంటా, నువ్వు కవల పడబాకు’ అనేవాడు. నేను ఆయన ముఖం ఎప్పుడూ చూడలేదు. ఆ గొంతు మాత్రం నాకు మా ఇంట్లో మనిషి గొంతులాగే ఉండేది. ఆ గొంతు వినిపించిన ఆదివారం రాత్రి కాస్త నిద్ర పట్టేది.

ఒకసారి మాటల్లో మాటగా మా ఆయన ఒక సంగతి చెప్పాడు. నన్ను నవ్వించడానికే చెప్పాడనుకుంటాను.

‘ఈడ లారీ తోలడం శానా సులభం మే. ముందు పొయ్యే బండి చక్రం గుర్తు మీదనే తోలల్ల. పక్కకి జరగకూడదు, అంతే.’

‘ఎందుకు? జరిగితే ఏమవుతాది?’

ఊపిరి తీసి వదిలేంత ఆలస్యం. ‘ఏం కాదు లే. కింద ఏమన్నా పూడ్సిపెట్టుంటారని.’

ఆ తరువాత మా ఊరి బస్టాండు మట్టిలో బస్సు చక్రాల గుర్తులు చూసినా నాకు అదురు పుట్టేది. వాటి మీద కాలు పెట్టకుండా దాటుకుని పోయేదాన్ని. ఎందుకు దాటుతున్నానో నాకే తెలియదు. మా ఆయన వాటి మీద నుంచి పక్కకు జరగకూడదు, నేనేమో వాటి మీద కాలు పెట్టకూడదు. పిచ్చిదానికి ఇంతకన్నా గుర్తులు ఏం కావాలి!

ఆ ఏడు చలి మొదలయ్యేసరికి అక్కడ బెదిరింపులు మొదలయ్యాయి. రోడ్డు పని చేసే బయటి దేశాల వాళ్ళు వెళ్ళిపోవాలని, లేకపోతే చంపుతామని గోడలకు కాగితాలు అంటించారట. పైవాళ్ళు క్యాంపులో అందరినీ నిలబెట్టి, భయపడేవాళ్ళు ఇంటికి పోవచ్చు, వాళ్ళ తప్పు పట్టం, ఉండేవాళ్ళు ఈ పని ముగిసే వరకు ఉండండి అన్నారట. ఈ మాట చెప్పి ఆయన, ‘ఆలోసన చేస్తా మే’ అన్నాడు.

‘ఆలోసన ఎందుకు? మాటిచ్చింది సర్కారు, నువ్వు కాదు. వచ్చేయ్.’

‘సగం రోడ్డు వేసి వదిలేస్తే అది ఎవురికి పనికొస్తాది? ఈడ ఒక ముసిలాయన రోజూ మాకు రొట్టెలు తెచ్చిస్తాండాడు. రోడ్డు వాళ్ళ ఊరు కాడికి రాలేదింకా.’

‘ఆ ముసిలాయనకి నువ్వు ఏమవుతావు? సుట్టమా, పక్కమా?’ అని ఆయన మాటనే ఆయనకు అప్పజెప్పాను. కోపంతో కాదు, భయంతో అన్నాను. నాకు రెండూ ఒకేలాగా వస్తాయి.

తరువాతి ఆదివారం ఫోను గరగరమంటోంది. మాట పోతూ వస్తూ ఉంది. వరసలో వెనక ఉన్నవాళ్ళు తొందర పెడుతున్నట్టున్నారు. నేను అన్నీ మానేసి ఒకటే అడిగాను.

‘వచ్చేస్తావా, ఉంటావా? అది సెప్పు ముందు.’

గరగర. మళ్ళీ గరగర. ఆ తరువాత ఆయన గొంతు. ‘సరే మే, ఉంటా.’

ఫోను ఆగిపోయింది.

రిసీవరు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. వినేవాళ్ళకు ఇందులో ఏముందనిపిస్తుంది. కానీ ఫోను పెట్టేసేటప్పుడు మనమంతా ఏమంటాం? ఎదురుగా ఉన్న మనిషి దగ్గర సెలవు తీసుకోవాలంటే వస్తా అంటాం. ఫోనులో అట్లా అనం, ఉంటా అంటాం. సరే మరి, ఉంటా. మా ఆయన ప్రతి ఆదివారం అదే మాట అని పెట్టేసేవాడు. ఈ ఆదివారం నా ప్రశ్న ఆయనకు చేరిందా? చేరి, ఆలోచించి, ఇక్కడే ఉంటా అన్నాడా? లేక నా ప్రశ్న దారిలోనే పోయి, వెనక వాళ్ళ తొందరకు మామూలుగా ఉంటా అని పెట్టేశాడా?

మా అత్తకు చెప్పాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

‘ఫోన్లో ఎవురైనా అట్లే గదా అంటారు. వచ్చేస్తాడు సూడు నా కొడుకు.’

ఆమె నమ్మింది, నేనూ నమ్మాలనుకున్నాను. వస్తున్నాడు, ఇంక ఫోను రాకపోతే దారిలో ఉన్నాడని అర్థం, అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ రోజు నుంచి బూత్‌లో ఎవరు ఉంటా అన్నా తలెత్తి చూసేదాన్ని. ఎంత కాలంగా వింటున్న మాట, ఒక్క రోజూ చెవిలో పెట్టుకోలేదు. ఇప్పుడు గొర్రెలు అమ్మే ఆయన అన్నా, కొత్త పెళ్ళికూతురు అన్నా, బెంగళూరులో కొడుకుతో మాట్లాడే అవ్వ అన్నా, పిలిచి మరీ అడగాలనిపించేది, మీరు ఏ ఉంటా అన్నారని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం టీ అంగడి అన్న నా బూత్ తలుపు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, మెల్లగా అన్నాడు. ‘టీవీలో ఏందో సెప్తాండారమ్మా. ఒకసారి రా.’

అంగడిలో చిన్న టీవీ. కింద అక్షరాలు పరిగెత్తుతున్నాయి. ఇంటికి బయలుదేరిన మన దేశం రోడ్డు పనివాళ్ళ బండిని దారిలో అటకాయించారు. కాపలా వాళ్ళను కాల్చారు. దక్షిణాదికి చెందిన ఒక డ్రైవరును ఎత్తుకుపోయారు. పేరు తెలియాల్సి ఉంది.

ఇంటికి బయలుదేరిన బండి. నాకు అదొక్కటే అర్థమైంది. ఎవరో బెంచీ జరిపి కూర్చోబెట్టారు.

అప్పటిదాకా ఆ ఉంటా మాట వీడ్కోలే అయి ఉండాలని, ఆయన వస్తూ ఉండాలని దేవుళ్ళను అడిగినదాన్ని. ఆ క్షణం నుంచి తిరగబడిపోయాను. అది జవాబే అయి ఉండాలి, ఆయన రాకూడదు, అక్కడే ఉండాలి, ఆ ముసిలాయనకు రోడ్డు వేయాలి, ఏడాది వేయాలి, రెండేళ్ళు వేయాలి, నాకేం ఫరవాలేదు. భార్య అన్నది ఎవరైనా మొగుడు ఇంటికి రాకూడదని మొక్కుకుంటుందా? నేను మొక్కుకున్నాను.

బూత్‌కు తిరిగి వచ్చి, ఒక అట్టముక్క మీద ‘ఫోను పని చేయదు’ అని రాసి తలుపుకు తగిలించాను. లైను ఖాళీగా ఉండాలి. ఎవరన్నా మాట్లాడుతుండగా ఆయన చేస్తే? ఎరువుల అంగడి ఆయన వచ్చి, లోపల ఫోను మోగుతుంటే పని చేయదంటావేమని గొడవ పెట్టుకున్నాడు. నేను ఆయన్ను అనరాని మాటలన్నీ అన్నాను. మోగింది కూడా మా ఆయన ఫోను కాదు, మామిడి తోట గుత్తకు ఇస్తారా అని ఎవరో చిత్తూరు నుంచి. ఫోను మోగిన ప్రతిసారీ ఎత్తడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. మోగకపోతే భయం, మోగితే అంతకన్నా భయం. మా అత్త వచ్చి స్టూలు వేసుకుని ఫోను పక్కనే కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. ఆమెకు నేను టీవీలో విన్నది మొత్తం చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

మర్నాడు పొద్దున్నే కాణిపాకం పోయాను. మాకు దగ్గరే. నిజమేదో అబద్ధమేదో తేల్చుకోవడానికి జనం ఆ స్వామి ముందు ప్రమాణం చేస్తారు. అక్కడ నిలబడితే ఏమని అడగాలో తోచలేదు. మా ఆయన అబద్ధం చెప్పలేదు. అన్నది ఒకటే మాట, ఎట్లా చూసినా నిజమే. ఒక నిజంలో ఆయన బతికి ఉన్నాడు, ఇంకో నిజంలో తుపాకుల మధ్య ఉన్నాడు. స్వామీ, నువ్వు ఏ నిజం వైపు ఉన్నావు అని అడిగి వచ్చేశాను. కొబ్బరికాయ కొట్టడం కూడా మరిచిపోయాను.

నేను బస్సు దిగేసరికి మా అత్త బూత్ బయట నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. లోపల రిసీవరు బల్ల మీద పడి ఉంది. పరిగెత్తి తీసుకున్నాను.

‘ఏమయ్యా! ఏమయ్యా, యాడుండావు?’

ఊపిరి తీసి వదిలేంత ఆలస్యం. నేను మొదటిసారి ఆగాను. ఇంకో మాట అనలేదు.

‘ఈడే ఉండా మే. క్యాంపులోనే ఉండా.’

నేను ఏడ్చిన ఏడుపుకు టీ అంగడి వాళ్ళంతా వచ్చి బూత్ చుట్టూ నిలబడ్డారు. అందరికీ చెడ్డ వార్తే అనిపించిందట. మా అత్త వాళ్ళను చూసి, ‘ఉండాడంట, ఉండాడంట’ అని చెబుతోంది.

‘నువ్వడిగితివి గదా, ఉంటానని సెప్తి గదా’ అంటున్నాడాయన. ‘నీకు కోపమొచ్చిందేమో అనుకున్నా.’ ఆ తరువాత ఆయన గొంతు మారింది. ‘వాళ్ళు ఎత్తకపొయింది సత్యవేడాయన్ని మే. ఆ బండ్లో ఆయన ఉన్నాడు. మా గుడారంలోనే బట్టలు సర్దుకున్నాడు. నువ్వూ రా అని నన్ను శానా బలంతం చేసినాడు. ఎక్కేటప్పుడు వస్తానప్పా అన్నాడు.’

ఆయన ఏడవడం నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం గురించి చెబితే పాపం తగులుతుందేమో. కానీ సంతోషమే కలిగింది. వెంటనే ఆ గొంతు గుర్తుకు వచ్చింది. సాపాడినావా చెల్లెమ్మా.

మరికొన్ని రోజులకు సత్యవేడాయన శవం దొరికిందని టీవీలో చెప్పారు. అప్పుడు మాత్రం పేరూ ఊరూ సరిగ్గానే చెప్పారు. నేను టీవీ వైపు చూడలేకపోయాను.

మా ఆయన రోడ్డు ముసిలాయన ఊరు చేరాకే ఇంటికి వచ్చాడు. చిక్కిపోయి, మెడ వెనక నల్లగా కాలిపోయి వచ్చాడు. సంచీ దించి నీళ్ళు తాగి, ‘సత్యవేడు పోవల్ల’ అన్నాడు. అదే మొదటి మాట.

మేమిద్దరం బయలుదేరుతుంటే మా అత్త వాకిలి దాకా వచ్చింది. ‘సావు జరిగిన ఇల్లు. తిరిగొచ్చేటపుడు వస్తామని సెప్పబాకండి. ఊరికే లేసి వచ్చేయండి’ అని రెండు మూడుసార్లు చెప్పింది. మాకూ తెలిసిన ఆచారమే. అట్లాంటి ఇంటి నుంచి చెప్పకుండా లేచి రావాలి, మళ్ళీ వస్తామన్న మాట నోట రాకూడదు.

దారి పొడుగునా నాకు ఒకటే భయం. సత్యవేడాయన భార్య నన్ను ఏమడుగుతుందో అని. నీ మొగుడు ఉన్నాడు, నా మొగుడు ఎందుకు లేడు అని అడిగితే నేను ఏం చెప్పాలి? బస్సు తిరుపతి దాటి, ఆ పక్క పొలాల్లోకి తిరిగాక, దిగిపోదామా అనిపించింది. మా ఆయన కిటికీలోంచి రోడ్డునే చూస్తున్నాడు.

నాకన్నా చిన్న వయసు ఆమెది. పెంకుటిల్లు. గోడకు పటం, దానికి ఎండిన దండ. మాకు చాప వేసి, మంచినీళ్ళు ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. మా ఆయన గుడారం కబుర్లు చెప్పబోయాడు, ఆమె ఇంటాయన చేసే సాంబారు గురించి, పాడే అరవం పాటల గురించి. మధ్యలోనే ఆపేసి నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆమె నేల వైపు చూస్తూ అంది.

‘నేనే రప్పిస్తిని అన్నా. ఫోన్లో ఏడిస్తిని. ఆ సర్కారు మాట సర్కారు సూసుకుంటాది, నువ్వు వచ్చేయమంటిని. సరే వస్తా అన్నాడు.’

ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను దారంతా భయపడిన ప్రశ్న వేరే మాటల్లో వచ్చింది.

‘నువ్వేం సెప్పినావక్కా?’

‘నేను కూడా రమ్మనే సెప్పినా’ అన్నాను. ‘ఈయన వినలేదు.’

ఆమె చూపులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. తరువాత లేచి, చెంబు తీసుకుని, తాగుతారా అని మా ఆయన గ్లాసులో ఇంకొంచెం నీళ్ళు పోసింది.

ఎండ తగ్గాక లేచాం. నేను ముందు గడప దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాను, ఏమీ చెప్పకుండా. మా ఆయన పటం ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. వెనక్కి తిరిగాడు. పుట్టినప్పటి నుంచి ఎవరి ఇంటి నుంచి లేచినా అనే మాట, మా అత్త అన్నిసార్లు వద్దన్న మాట, ఆయన నోట్లో నుంచి వచ్చేసింది.

‘వస్తామ్మా.’

పక్కింటి ముసిలామె ఒకతె అయ్యో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన ముఖం తెల్లబోయింది. అన్న మాటను వెనక్కి తీసుకోలేక, అక్కడ నిలబడలేక, గడప మీద చెయ్యి వేసి అట్లాగే ఉండిపోయాడు.

ఆమె మాత్రం కదలకుండా గడప లోపలే నిలబడి, మెల్లగా అంది.

‘రాండన్నా. మీరైనా రాండి.’